పాత విమానం మీద వేసిన నింద

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలిన మర్నాడు నేను భద్రాచలంలో ఉన్నాను. బ్రిడ్జి సెంటర్లో టీ తాగుతుంటే చుట్టూ అదే మాట. అంతమంది పోయారన్న బాధ ప్రతి గొంతులోనూ ఉంది. ఆ బాధలోంచే ఒకాయన అడిగాడు: "ఇంతకీ ఆ విమానం ఎన్నేళ్లదట?" పక్కాయన ఫోన్‌లో చూసి, పదకొండేళ్లదని చెప్పాడు. "అదీ సంగతి! పాత డొక్కులు తిప్పుతుంటే కూలక ఏం చేస్తాయి?" అన్నాడు మొదటాయన. అక్కడున్న పదిమందీ తలలూపారు.

నెల తర్వాత ప్రాథమిక నివేదిక వచ్చింది. నేల విడిచిన కాసేపటికే రెండు ఇంజన్లకూ ఇంధనం ఆగిందని అందులో రాశారు. విమానం ఒళ్లు పాతబడి చిట్లిందని ఎక్కడా లేదు. అయినా ఆ రోజు టీ కొట్టు దగ్గర పడిన తీర్పు ఇంకా చెల్లుతూనే ఉంది. పెళ్లిపందిళ్లలో, ఖమ్మం బస్సులో, చదువుకున్నవాళ్ల ఇళ్లలో అదే వింటున్నాను. పదిహేనేళ్లు దాటిన విమానాన్ని నిలిపేయాలట. కొత్తది కొంటే భయం ఉండదట.

ఈ అభిప్రాయం తప్పు. తప్పుతో ఆగితే ఊరుకునేవాణ్ని. ప్రాణాలు ఎక్కడ కాపాడబడుతున్నాయో అక్కడి నుంచి మన చూపును మళ్లిస్తోంది కాబట్టి ఊరుకోలేను.

ముప్పై ఏళ్లు లోహంలో పగుళ్లు వెతకడమే నాకు కూడు పెట్టింది. మా ప్రాంతంలో ఆ పనికి కొదవ లేదు. పాల్వంచలో కేటీపీఎస్ విద్యుత్ కేంద్రం బాయిలర్లు, సారపాకలో కాగితం మిల్లు, అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం, వీటన్నిటికీ వెనక సింగరేణి గనులు. ఒత్తిడి మోసే గొట్టం, బరువు మోసే తాడు, వేడి మోసే రేకు ఉన్న ప్రతిచోటా పగులు వెతికే మనిషి ఒకడు ఉంటాడు. అలాంటివాళ్లలో నేనొకణ్ని. విమానం మీద నేను చేయి వేయలేదు. అయితే వెల్డింగు మీద నేను పూసిన ఎర్ర రంగూ, దాని మీద చల్లిన తెల్ల పొడీ, ఆ తెలుపులోంచి వెంట్రుకంత సన్నగా పైకి తేలే ఎర్ర గీతా విమానాల హ్యాంగర్లో పనిచేసేవాడికీ తెలిసినవే. ఆ గీత కనబడినప్పుడు గుండెలో కలిగే దడ కూడా ఒకటే.

విమానం వయసును ఏళ్లలో లెక్కించడంలోనే అసలు పొరపాటు ఉంది. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున బయటి గాలి మనిషి బతకడానికి చాలదు. అందుకని లోపల గాలి నింపుతారు. మామూలు జెట్ విమానంలో లోపలి ఒత్తిడి సుమారు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉండేంత ఉంటుంది. లోపలికీ బయటికీ ఉన్న తేడా చదరపు సెంటీమీటరుకు అర కిలో పైమాటే. అంటే ఒక చదరపు మీటరు రేకును లోపలి నుంచి అయిదు టన్నులకు పైగా బలం బయటికి నెడుతూ ఉంటుంది. ఆ రేకు మందం చాలాచోట్ల ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. విమానం ఎగిరినప్పుడల్లా దాని ఒళ్లు ఉబ్బుతుంది, దిగినప్పుడల్లా సడలుతుంది. ఇలా ఒకసారి ఉబ్బి సడలితే ఒక సైకిల్. పిల్లలు ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపుతారు చూడండి. ఆ తీగ కొని ఎన్నేళ్లయిందని ఎవరూ అడగరు. ఎన్నిసార్లు వంచారన్నదే లెక్క.

ఖండాలు దాటే పెద్ద విమానం రోజుకు ఒకటి రెండుసార్లే ఉబ్బుతుంది. మా వైపు వాళ్లు రాజమండ్రి దాకా వెళ్లి, మధురపూడిలో ఎక్కి గంటలో హైదరాబాద్‌లో దిగే చిన్న విమానం అదే రోజులో ఎన్నోసార్లు ఎగురుతుంది, దిగుతుంది. ఈ రెండూ ఒకే ఏడాది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినా పదేళ్ల తర్వాత వాటి వయసు ఒకటి కాదు. నూరేళ్లు బతికిన మనిషి ఆయువును ఊపిరులతో లెక్కపెట్టాలనేవారు మన పెద్దలు. విమానం విషయంలో ఆ లెక్క అక్షరాలా సరిపోతుంది.

ఈ విషయాన్ని లోకానికి నేర్పింది హవాయి దీవుల్లో 1988 ఏప్రిల్ 28న జరిగిన ప్రమాదం. అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 హిలో నుంచి హొనొలులు వెళ్తోంది. 24,000 అడుగుల ఎత్తున దాని ముందుభాగంలో పైకప్పు పద్ధెనిమిది అడుగుల మేర ఊడి ఎగిరిపోయింది. నడవలో నిలబడి ఉన్న క్లారాబెల్ లాన్సింగ్ అనే ఫ్లైట్ అటెండెంట్ ఆ గాలికి బయటికి కొట్టుకుపోయింది. ఆమె శరీరం కూడా దొరకలేదు. తలమీద ఆకాశం తప్ప ఇంకేమీ లేని విమానాన్ని పైలట్లు మావీ దీవిలో దించారు. మిగిలిన అందరూ బతికారు.

ఇక్కడ అంకెలు చూడండి. ఆ రకం 737ను ఇరవై ఏళ్లు, 51,000 గంటలు, 75,000 సైకిళ్లు నడవగలిగేలా రూపొందించారు. ఆ రోజు ఆ విమానం వయసు పంతొమ్మిదేళ్లు. ఏళ్ల లెక్కలో గడువు ఇంకా ఉంది. ఎగిరింది 35,496 గంటలు. గంటల లెక్కలో చాలా గడువుంది. సైకిళ్లు మాత్రం 89,680. భాగించి చూస్తే ఒక్కో ప్రయాణం సగటున ఇరవై నాలుగు నిమిషాలు కూడా లేదు. దీవి నుంచి దీవికి, ఉప్పుగాలిలో, ఉబ్బుతూ సడలుతూ తిరిగిన ఒళ్లు అది. మన టీ కొట్టు న్యాయమూర్తులు ఆ రోజు హిలోలో ఉండి ఉంటే "ఇరవై ఏళ్లు నిండలేదు, ఎక్కొచ్చు" అనే అనేవారు.

ఆ రేకు ఎందుకు ఊడిందో తెలిస్తే ఏళ్ల లెక్క ఎంత గుడ్డిదో ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు ఎక్కించి అతికి, మూడు వరుసల రివెట్లు బిగించారు. బరువును జిగురు మోయాలి, రివెట్లు తోడుండాలి. అయితే ఆ తొలినాటి విమానాల్లో జిగురు సరిగా పట్టలేదు. సందులోకి తేమ చేరింది. జిగురు వదిలేసిన బరువంతా రివెట్ల మీద పడింది. రివెట్ తల రేకులోకి సమంగా కూర్చోవాలని రంధ్రం అంచును ఏటవాలుగా తొలిచారు. రేకు పలచనిది కావడంతో ఆ అంచు కత్తివాదరలా మిగిలింది. పగులు అక్కడే పుట్టింది. ఒక రివెట్ దగ్గరా, దాని పక్క రివెట్ దగ్గరా, ఆ పక్కన ఇంకో రివెట్ దగ్గరా చిన్నచిన్న పగుళ్లు. ఒక్కోటి విడిగా చూస్తే ప్రమాదం కాదు. ఒకనాడు అవన్నీ చేతులు కలిపాయి.

ఆ జిగురు లోపం గురించి తయారీదారుకు తెలుసు, సూచనలూ ఇచ్చారు. అమెరికా విమానయాన శాఖ 1987లో తనిఖీ తప్పనిసరి చేస్తూ ఆదేశమూ ఇచ్చింది, కానీ అన్ని అతుకులకూ కాదు, కొన్నిటికే. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చివరికి తేల్చింది ఏమిటంటే, జిగురు వదలడాన్నీ, పగుళ్లనూ అలోహా నిర్వహణ వ్యవస్థ పట్టుకోలేకపోయిందని. తప్పు చూపులో ఉంది.

ఆ నివేదికలో ఒక వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఆ రోజు విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు ఒంటి రేకు మీద పొడవునా సాగిన పగులు చూసింది. చూసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి తన సీట్లో కూర్చుంది. ఆమెను నేను తప్పుపట్టను. చూసినది చెప్పడానికి తనకు అర్హత ఉందని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"సరే, అది పాత విమానమే కదా, కొంచెం ఎక్కువ తిరిగింది, అంతే" అనేవాళ్లు ఉంటారు. వాళ్లు కామెట్ గురించి చదవాలి. ప్రపంచంలో ప్రయాణికులను మోసిన తొలి జెట్ విమానం అది. అంతకంటే కొత్తది ఆనాడు భూమ్మీద లేదు. 1954 జనవరి 10న రోమ్ నుంచి లేచిన కామెట్ ఒకటి ఎల్బా దీవి దగ్గర ముక్కలై సముద్రంలో పడింది. అది చేసిన ప్రయాణాలు 1,290 మాత్రమే. ఏప్రిల్ 8న ఇంకొకటి పడింది, అది సుమారు 900 ప్రయాణాలే చేసింది. ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ను నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల నీళ్లతో ఉబ్బించి సడలిస్తూ పోతే అసలు సంగతి బయటపడింది. కిటికీల మూలల దగ్గర, పైకప్పులో యాంటెనా కోసం కోసిన రంధ్రాల దగ్గర రేకు అలసిపోతోంది. కొత్తదనం ఆ యాభై ఆరు మందిలో ఒక్కరినీ కాపాడలేదు.

మన కాలంలోనే 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 గాల్లో ఉండగా దాని పక్క తలుపు స్థానంలో బిగించిన పలక ఊడిపోయింది. ఆ విమానం డెలివరీ అయి రెండు నెలలే. బిగించాల్సిన నాలుగు బోల్టులు బిగించనే లేదు. సేవలోకి వచ్చి అయిదేళ్లు కూడా నిండని ఏ380 మహా విమానాల రెక్కల్లో 2012లో పగుళ్లు దొరికాయి, ప్రపంచమంతా వాటిని వెతికి బాగుచేశారు. ఎవరూ చావలేదు. ఎందుకంటే ఎవరో చూశారు.

ఇంకా బరువైన ఉదాహరణ మాసికలది. చిరిగిన బట్టకు మాసిక వేసినట్టే దెబ్బతిన్న రేకు మీద ఇంకో రేకు వేసి రివెట్లు కొడతారు. 1978లో ఒసాకాలో దిగుతూ తోక నేలకు తాకిన జపాన్ ఎయిర్‌లైన్స్ 747కు వెనక గోడ దగ్గర అలాంటి పని చేశారు. అతుకు పలక ఒకే ముక్కగా ఉండాల్సింది, కోసి వేశారు. రెండు వరుసల రివెట్లు మోయాల్సిన బరువు ఒక వరుస మీద పడింది. ఏడేళ్లు, పన్నెండు వేలకు పైగా ప్రయాణాలు అది ఓర్చుకుంది. 1985 ఆగస్టు 12న ఆ గోడ పేలి, తోక ఎగిరిపోయి, 520 మంది చనిపోయారు. ఆ విమానానికి పన్నెండేళ్లు నిండలేదు. మన పదిహేనేళ్ల నిషేధం దాన్ని హాయిగా ఎగరనిచ్చేది.

2002 మే 25న తైవాన్ జలసంధి మీద విడిపోయి 225 మందిని బలిగొన్న చైనా ఎయిర్‌లైన్స్ 747 వయసు ఇరవై రెండేళ్లు. నాతో వాదించేవారు దీన్ని తప్పకుండా ముందుకు తెస్తారు. తేవాలి కూడా. 1980లో హాంకాంగ్‌లో తోక రాసుకున్నప్పుడు గీతలు పడిన రేకును కోసి తీసేయకుండా, పైన మాసిక వేసి మూసేశారు. మాసిక ఆ గీతలన్నిటినీ దాటి సరిపడా విస్తరించలేదు. దాని కింద పగులు కంటికి కనబడకుండా ఇరవై రెండేళ్లు పెరిగింది. ప్రమాదానికి కొన్ని నెలల ముందు తీసిన ఫొటోల్లో ఆ మాసిక అంచుల చుట్టూ గోధుమరంగు మరకలు కనిపించాయి. లోపలి గాలి సందుల్లోంచి కారుతోందని ఆ మరకలు చెబుతున్నాయి. కెమెరా చూసింది. మనిషి చదవలేదు. ఇది ముసలితనం చేసిన హత్య అనేవాళ్లను ఆ ఫొటోల ముందు కూర్చోబెట్టాలని నాకు ఉంటుంది.

మన పక్కనే చూసుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి మీది పాత వంతెన 1965లో తెరిచారు. 1986లో నది 75.6 అడుగులకు పొంగింది. 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ రెండో వరదలో దాని మీద రాకపోకలు ఆపేసి, నీరు తగ్గాకే వదిలారు. అరవై ఏళ్లు దాటిందని దాన్ని కూల్చమన్నవాణ్ని నేను చూడలేదు. దాని మీదుగానే రాముడి కల్యాణానికి వెళ్తాం. వంతెనకు ఇచ్చే న్యాయం విమానానికి ఎందుకు ఇవ్వం? వంతెనను మనం రోజూ చూస్తాం కాబట్టి నమ్ముతున్నాం. విమానాన్ని చూసేవాళ్లు ఉన్నారన్న సంగతి మనకు తెలియదు కాబట్టి నమ్మలేకపోతున్నాం.

కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే తీసుకునేది, బొంగురుగా మోగితే పక్కన పెట్టేది. కుండ ఎప్పటిదని ఆమె ఎన్నడూ అడగలేదు. ఆ పొద్దున ఆవంలోంచి దించిన కుండకూ బీట ఉండొచ్చునని ఆమెకు తెలుసు. పొరలు అతికి చేసిన విమాన భాగాలను ఇప్పటికీ నాణెంతో, చిన్న సుత్తితో తట్టి, మోత మారినచోట గుర్తు పెడతారు. మా అమ్మ చేసిన పరీక్షే అది.

రివెట్ల దగ్గరి పగులుకు వాడే ఎడ్డీ కరెంట్ పరీక్ష ఇంకా సొగసైనది. పెన్ను లాంటి ప్రోబ్ చివర తీగచుట్ట ఉంటుంది. దాన్ని రేకుకు ఆనిస్తే లోహంలో కరెంటు సుడులు తిరుగుతుంది. దారిలో పగులుంటే సుడి వంకర పోతుంది, తెర మీది చుక్క జరుగుతుంది. పాపికొండల దారిలో లాంచీ నడిపే సరంగు నీటి పైన సుడి తిరిగే తీరు చూసి అడుగున బండ ఎక్కడుందో చెప్పడం చూశాను. ఈ పనీ అంతే. యంత్రం చుక్కను కదుపుతుంది, ఆ కదలిక పగులుదా, రివెట్ అంచుదా అన్నది చదవాల్సింది మనిషే. అంతకంటే ముందు టార్చి, అద్దం, భూతద్దం ఉంటాయి. వెలుతురును రేకు మీద ఏటవాలుగా పరిస్తే సొట్టలు నీడలై లేస్తాయి. రివెట్ చుట్టూ నల్లటి పొగచార లాంటిది కనిపిస్తే ఆ రివెట్ వదులై ఒరుసుకుంటోందని అర్థం. రంగు గీకేటప్పుడు పదునైన పరికరం గీసిన సన్న గీత కూడా రేపటి పగులే.

"ఇప్పుడంతా కార్బన్ ఫైబర్ విమానాలు, వాటికి పగుళ్లే రావు" అన్నది ఈమధ్య వినిపిస్తున్న ఇంకో ధీమా. ఆ పదార్థం అల్యూమినియంలా అలసిపోదు, నిజమే. కానీ సామాను బండి తగిలితే పైకి మచ్చ కూడా లేకుండా లోపల పొరలు విడిపోవచ్చు. కనబడే గాయం కంటే కనబడని గాయం వెతకడానికి ఎక్కువ నేర్పు కావాలి. కొత్త పదార్థం తనిఖీదారు పనిని కష్టతరం చేసింది, తీసెయ్యలేదు.

ఏ యంత్రానికీ అంతం లేదని నేను అనడం లేదు. 2024 ఆగస్టులో కేటీపీఎస్ పాత స్టేషన్ల ఎనిమిది కూలింగ్ టవర్లు కొన్ని క్షణాల్లో నేలకూలినప్పుడు, ఇన్నేళ్లు కళ్లముందున్నవి లేకుండా పోతే ఎలా ఉంటుందో నాకు తెలిసింది. విమానానికీ ఒక హద్దు ఉండాలి, ఉంది. అలోహా తర్వాత అమెరికా 1991లో పాతబడే విమానాల భద్రతకు చట్టమే తెచ్చింది. ఒక రకం విమానం ఒంటిని ఎన్ని సైకిళ్ల దాకా, ఎన్ని గంటల దాకా నమ్మవచ్చో పరీక్షలతో రుజువు చేసి హద్దు గీస్తున్నారు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దిగుమతి నిబంధనలు కూడా ఏళ్లతో పాటు ప్రెజరైజేషన్ సైకిళ్లను లెక్కలోకి తీసుకుంటాయి. ఆ హద్దు కొలత మీద నిలబడింది. టీ కొట్టు హద్దు భయం మీద నిలబడింది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే వాదన ఒకటుంది. "తనిఖీ అంటే సంతకమే కదా. చూడకుండానే టిక్కు పెట్టేస్తారు." దీన్ని కొట్టిపారేయను, ఎందుకంటే తనిఖీ చేసే చేతుల గురించి నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట, ఒక కర్మాగారంలో షట్‌డౌన్ రోజులు. తెల్లవారుజామున మూడింటికి వరుసగా అరవయ్యో వెల్డింగు చూస్తున్నాను. ఎర్ర గీత ఉంది. నా కళ్లు దాని మీదుగా వెళ్లిపోయాయి. బాగుందని రాసి సంతకం పెట్టాను. పొద్దున డ్యూటీకి వచ్చిన సహోద్యోగి అనుమానం వచ్చి మళ్లీ చూసి పట్టుకున్నాడు. నేను బద్ధకించలేదు, అబద్ధం రాయలేదు. అలసిన కన్ను తనకు కనబడాల్సినదాన్ని చూడదు, అంతే. ఆ తర్వాత చాలా నెలలు సంతకం పెట్టేముందు నా చేయి ఆగేది.

కాబట్టి సంతకం మీద నమ్మకం లేదంటే దానికి మందు కొత్త విమానం కాదు. కొత్త విమానానికీ అదే అలసిన కన్ను సంతకం పెడుతుంది, అలాస్కా విమానం సంగతి చూశాం. ఆ కంటికి నిద్ర కావాలి, తగిన వెలుతురు కావాలి, రెండో కన్ను తోడు కావాలి, "ఈ విమానం రేపు ఎగరదు" అంటే ఉద్యోగం పోదన్న ధైర్యం కావాలి. అన్నిటికంటే ముందు గౌరవం కావాలి. దాన్ని ఇవ్వాల్సింది మనమే, మనమే ఇవ్వడం లేదు.

బూర్గంపాడు దగ్గర మా బంధువుల అబ్బాయి ఇంటర్ అయ్యాక ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ చదివాడు. పరీక్షలన్నీ గట్టెక్కి, అనుభవం సంపాదించి డీజీసీఏ లైసెన్సు తెచ్చుకోవడానికి వాడికి ఏళ్లు పట్టింది. నిరుడు పెళ్లి చూపుల్లో పిల్ల మేనమామ "బాబు ఏం చేస్తాడు?" అని అడిగాడు. చెప్పాం. "అంటే మెకానిక్కా?" అన్నాడాయన. ఆ గదిలో అందరూ కాసేపు నేల చూశారు. ఆ సంబంధం కుదరలేదు. అదే మేనమామ మొన్న ఎయిర్ ఇండియా గురించి "పాత డొక్కులు" అన్నాడని తెలిసింది. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఈ రెండు మాటలూ ఒకే నోట్లోంచి రావడం యాదృచ్ఛికం కాదని చెప్పాలి. చూసేవాడికి విలువ లేదనుకున్న సమాజం యంత్రం వయసును నమ్ముకోక తప్పదు.

హైదరాబాద్ ఇవాళ విమానాల ఒళ్లు తయారుచేసే ఊరు. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. రఫేల్ బాడీ భాగాల తయారీకి 2025లో ఒప్పందం కుదిరింది. శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లలో విమానాలను విప్పి, చూసి, మళ్లీ బిగిస్తున్నారు. ఈ పనిలోకి మన ఏజెన్సీ పిల్లలు, సింగరేణి కార్మికుల పిల్లలు ఎందుకు వెళ్లకూడదు? ఇనుము మోత వింటూ పెరిగిన పిల్లలు వీళ్లు. కొత్తగూడెం వైపు విమానాశ్రయం కావాలని ఏళ్లుగా అడుగుతున్నాం. అడుగుదాం. దాంతోపాటు పాల్వంచలో పగుళ్లు చూడటం నేర్పే ఒక మంచి శిక్షణ కేంద్రం కూడా అడుగుదాం.

ఇకముందు విమానం గురించి ఎవరైనా "ఎన్నేళ్లది?" అంటే నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఎన్ని సైకిళ్లు తిరిగింది? ఎక్కడైనా మాసిక ఉందా, దాని కింద ఏముందో చూశారా? అతుకు వరుసల మీద ఎడ్డీ కరెంట్ చివరిసారి ఎప్పుడు పట్టారు? పట్టినవాడు ఆ రాత్రి ఎన్ని గంటల నుంచి మేలుకుని ఉన్నాడు?

ఆ చివరి ప్రశ్న మా బూర్గంపాడు బంధువుల అబ్బాయినే అడిగాను. వాడిప్పుడు ఒక హ్యాంగర్లో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. "మేం అలా ఏకబిగిన చూడం మామయ్యా" అన్నాడు ఫోన్‌లో. "అతుకు లైను మీద కాసేపు చూశాక ప్రోబ్ ఇంకొకరి చేతికి ఇచ్చేస్తాం. వాళ్లు నేను చూసిన చివరి పది రివెట్లు మళ్లీ చూసి ముందుకు వెళ్తారు. నిన్న రాత్రి మూడింటికి అలాగే ఇచ్చేశా." వెనకాల ఎవరో పిలుస్తున్నట్టు వినబడింది. టార్చి తీసుకుని వెళ్లాలని చెప్పి ఫోన్ పెట్టేశాడు.